ఎర్ర ముల్లు

నా చిన్నప్పుడు మా వంటింటి గుమ్మం పక్కన మేకుకు ఒక చేతిగడియారం వేలాడుతుండేది. చేతికి పెట్టుకోవలసిన వస్తువు గోడెందుకు ఎక్కిందని కొత్తవాళ్లు అడిగేవారు. అది మా తాతయ్యది. శాలిబండలో మా ఇంటి వెనక వీధిలోని చిన్న గుడికి ఆయన అర్చకులు. తోలు పట్టీ ఉన్న గడియారంతో గర్భగుడిలోకి వెళ్లకూడదు కదా, అందుకని స్నానానికి పోయేముందే దాన్ని తీసి మేకుకు తగిలించేవారు. అలా అది మెల్లగా మా నాయనమ్మ గడియారం అయిపోయింది. మధ్యాహ్నం పన్నెండుకు గుడికి నైవేద్యం చేరాలి. మడి కట్టుకుని వండేది ఆవిడే. ఒకసారి తలెత్తి గడియారం చూసేది, ఎసరు పెట్టేది. ఇంకోసారి చూసేది, గిన్నె దించేది. తాతయ్య పోయాక గుడి మా నాన్నకు వచ్చింది గానీ నైవేద్యం మాత్రం నాయనమ్మ చేతుల్లోనే ఉండిపోయింది. ఆ పనంటే ఆమెకు ప్రాణం.

ఒక ఎండాకాలం సెలవుల్లో పిల్లి ఒకటి అటక మీది నుంచి దూకి ఆ గడియారాన్ని కింద పడేసింది. షాబాదు బండల మీద పడ్డాక ఇంకేముంది, ఆగిపోయింది. నాయనమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది, అన్నానికి కూడా లేవలేదు. మా నాన్న తమ్ముడు, అంటే మా బాబాయికి, ఆఫీసులో ఉద్యోగం, మనసంతా గడియారాల మీద. "నేను చేయిస్త గదమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు" అని దాన్ని జేబులో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

మా వీధి చివర గడియారాలు బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. వెనక మూత తీసి, కంటికి భూతద్దం బిగించుకుని చూసి, లోపల ఊగే చక్రానికి ఇరుసు విరిగిందన్నాడు. ఆ రకం మిషన్ చేయడం ఎప్పుడో మానేశారట. అలాంటిదే పాత గడియారం ఇంకొకటి దొరికితే దాని ఇరుసు తీసి వేయవచ్చట. బాబాయి గురువారాల్లో జరిగే జుమ్మేరాత్ బజారుకు పోయి, డయలు మీద అదే పేరున్న పాడైన గడియారాన్ని మహా గొప్పగా పట్టుకొచ్చాడు. చాచా మూత తీసి నవ్వాడు.

"మొఖం మీద పేరు చూసి తెస్తే గిట్లనే అయితది భాయ్. చక్రం కింద చూడాలె."

చక్రం కింద పలక మీద ఆవగింజంత గుర్తు, దాని పక్కన ఒక అంకె. ఆ రెండూ కలిస్తేనే మిషన్ ఒకటైనట్టు. భూతద్దంలోంచి నాకూ చూపించాడు. ఇక ప్రతి గురువారం బాబాయి బజారులో కనిపించిన ప్రతి పాత గడియారానికీ మూత తీయించడం, కొనకుండా లేస్తే అమ్మేవాళ్లు లొల్లి పెట్టడం. చివరికి వేరే పేరున్న, అద్దం పగిలిన గడియారమొకదాన్లో సరిగ్గా అదే గుర్తు దొరికింది. ఇరుసు అతికినట్టు కుదిరింది.

అంతటితో ఆగితే ఆయన మా బాబాయి ఎందుకవుతాడు! తాతయ్య గడియారంలో పెద్ద ముల్లు సన్నగా, నీలంగా ఉండేది. గంటల ముల్లు మాత్రం పొట్టిగా, మొద్దుగా, ఎర్రరంగుతో ఉండేది. ఎవడో పనిరానివాడు దొరికిందేదో తగిలించాడని బాబాయి అనుకున్నాడు, చాచాకూ అలాగే తోచింది. కొత్తగా దొరికినదాన్లో గంటల ముల్లు కూడా నీలందే. అది వేయగానే రెండు ముళ్లూ అక్కాచెల్లెళ్లలా జత కుదిరాయి. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

ఇంటికి తెచ్చి ఇస్తే నాయనమ్మ టిక్కుటిక్కు విని కళ్లు తుడుచుకుంది. తర్వాత దాని ముఖం వంక చాలాసేపు చూసింది. "మంచిగున్నది నాయనా" అని మేకుకు తగిలించింది.

అప్పటి నుంచి ఆవిడ నన్ను టైం అడగడం మొదలుపెట్టింది. కళ్లు మసకగా ఉన్నాయనేది, చెయ్యి మైలవుతుందనేది. గడియారం బాగుకు వెళ్లిన రోజుల్లో పక్కింటి గోడ గడియారం చూసి వచ్చి చెప్పేదాన్ని నేనే కనుక, అది అలవాటనుకున్నాను. కోడల్ని, అంటే మా అమ్మను, అడగడానికి ఆవిడకు మనసొప్పలేదని ఇప్పుడు అర్థమవుతుంది. సెలవులు అయిపోయి నేను బడికి పోయిన రోజున నైవేద్యం ఆలస్యమైంది. గుడిలో జనం ఎదురుచూసి విసుక్కున్నారట. నేను బడి నుంచి వచ్చేసరికి నాన్న కోపం అణచుకుని, "అమ్మా, ఇగ నువ్వు ఆరాం చెయ్యి. రేపటి నుంచి నీ కోడలు చూసుకుంటది" అన్నాడు.  నాయనమ్మ ఆరేసిన మడిచీర తీసి మడతపెడుతూ నిలబడింది. ఆ ముఖం చూడలేకపోయాను.

సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది: "బిడ్డా, గా ఎర్ర ముల్లు ఏడవోయిందే?"

నేను వెళ్లి బాబాయిని అదే మాట అడిగాను. ఆయన తింటున్న అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. మర్నాడు ఆఫీసు నుంచి రాగానే గడియారం తీసుకుని, నన్నూ లాక్కుని చాచా దగ్గరికి పరుగెత్తాడు. తీసిన ముక్క ఏదీ పారేయని మనిషి చాచా. ఒక రేకు డబ్బాలోంచి ఎర్ర ముల్లును చిమటాతో పైకెత్తి భూతద్దం కింద పెట్టాడు. రంగు పైవైపే ఉంది, అదీ చేత్తో అద్దింది.

"దొరకక పెట్టింది కాదు భాయ్ ఇది. దూరంకెల్లి కనబడాల్నని పెట్టిచ్చిండ్రు."

 "మా అమ్మకు అంకెలు రావు చాచా," అన్నాడు బాబాయి. "ఇన్నేండ్లల్ల మాకు తెల్వలే. నాయనకు తెలుసు."  ఎర్ర ముల్లు ఎక్కడుందో చూసి ఎసరు పెట్టాలి, అది నిటారుగా నిలిచేలోపు నైవేద్యం గుడికి చేరాలి. నాయనమ్మ ఎరిగిన టైమంతా అదే, రెండూ నీలమయ్యాక ఏది ఏదో ఆమెకు తెలియలేదు. చాచా నీలం ముల్లు ఊడదీసి ఎర్రది బిగించాడు.

ఇంటికి రాగానే బాబాయి గడియారాన్ని మేకుకు తగిలించి, అందరికీ వినపడేలా అన్నాడు. "చాచా నన్ను మస్తు తిట్టిండమ్మా. కొత్త ముల్లు బరువైందట, మిషన్ ఎనకకు పడుతుందట. నిన్న లేటైంది అందుకేనట. పాతదే సరైందట." చాచా అలా అనలేదే అని నేను నోరు తెరిచేలోపు నా చెయ్యి గట్టిగా నొక్కాడు. నాన్న ఆయన మీద విరుచుకుపడ్డాడు. మంచి వస్తువును పాడుచేసి, అమ్మను మాట పడేట్టు చేశావని నానా మాటలూ అన్నాడు. బాబాయి తల వంచుకుని అన్నీ పడ్డాడు. నాయనమ్మ కూడా "చెప్తె ఇనవు గద, అన్నిట్ల నీ పెత్తనమే" అని ఒక మొట్టికాయ వేసి, మర్నాటి నైవేద్యానికి మడిచీర ఆరేయడానికి పెరట్లోకి పోయింది. ఆ తర్వాత ఆమె నన్ను టైం అడగలేదు, నైవేద్యం ఆలస్యమూ కాలేదు.

నాకు పెళ్లయి, పిల్లలు పుట్టాక ఒకరోజు నాయనమ్మ నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ నవ్వింది. "మీ బాబాయికి అబద్ధమాడుడు రాదే. గా దినం చెవులు ఎంత ఎర్రగైనయో! పోనీ పాపం, నా కోసమే గదా అని నమ్మిన." నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బాబాయి ఆమె మర్యాద కాపాడాడని అన్నాళ్లూ అనుకున్నాను. ఆమె కూడా ఆయన మంచితనాన్ని కాపాడిందని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు నాకు ఆవిడ వయసు వచ్చింది. పేపరు చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకోవడం చూస్తే మా మనవడు వచ్చి, "ఈ మధ్య అక్షరాలు మరీ చిన్నగ అచ్చేస్తున్నరు నానమ్మా, ఇటియ్యి నేను చదువుత" అంటాడు. అవునురా, ఏం పాడుబుద్ధి పుట్టిందో వీళ్లకు అని పేపరు వాడి చేతికిచ్చి, హాయిగా వింటూ కూర్చుంటాను.