ఎండ తాగిన పెట్రోలు

యుద్ధం రోజుల్లో మా రాజపాళయంలో నెయ్యి దొరికేది గానీ పెట్రోలు దొరికేది కాదు. బస్సులు వెనకాల బొగ్గుల పొయ్యి కట్టుకొని తిరిగేవి. ఎత్తు వచ్చిందంటే జనం దిగి తొయ్యాల్సిందే.

అలాంటి ఒక శుక్రవారం, పొద్దుటి రైలు వెళ్లిపోయాక, నా భర్త దగ్గర్నుంచి తంతి వచ్చింది. ఆయన ఎక్కిన సిపాయిల పట్టాళం రైలు ఆ మధ్యాహ్నం మూడింటికి విరుదునగరంలో ఆగుతుందట. అక్కణ్ణుంచి ఏ దేశానికో ఎవరికీ తెలియదు. నాతో ఒక్క మాట చెప్పకుండా ఆయన పట్టాళంలో పేరిచ్చాడని, బయలుదేరిన రోజు నేను గది తలుపు తియ్యలేదు. కోపం అప్పుడే ఎక్కడికి పోయిందో, దుఃఖం మాత్రం మిగిలింది. ఒక్కసారి కళ్లెదుట నిలబడితే చాలనుకున్నాను.

పత్తి వ్యాపారం చేసే మా చుట్టం కారునూ, డ్రైవరునూ ఇచ్చాడు. మా ఇంట్లో ఆపదకని దాచిన పెట్రోలు డబ్బా ఒకటి ఉంది. చీకటి కొట్లో, నీళ్ల కుండల పక్కన, తడి ఇసుక మీద పెట్టి ఉంచాం. డ్రైవరు పోస్తుంటే మా అత్త దగ్గర నిలబడింది.

"మంచి పనికి పోతా ఉండాము. ఏదీ వెలితిగా ఉండకూడదు. మూతి దాకా పొయ్యి!"

పోశాడు. ఇంతలో పదిన్నర అయింది. శుక్రవారం రాహుకాలం.

"అత్తా, పోదాము" అన్నాను.

"రాహుకాలంలో వాకిలి దాటేదానికి నీకేమైనా పైత్యమా? పన్నెండు కానీ."

కారు నడివీధిలో, వైశాఖం ఎండలో నిలబడింది. నేను గడప మీద కూర్చొని దాన్ని చూస్తూనే ఉన్నాను. కాసేపటికి ట్యాంకు మూత కిందనుంచి బొట్లు. ఆ తర్వాత ధార. కింద పడిన పెట్రోలు తడి కూడా మిగలకుండా మాయమైపోతోంది.

"అయ్యో, ఎవడో మూత విప్పినాడు!" అంది అత్త.

"ఎవరూ ముట్టలేదమ్మా, చల్లగా ఉన్న పెట్రోలు ఎండకి పొంగతా ఉండాది" అంటూ డ్రైవరు తడి గోనె కప్పాడు.

నిండుకుండ తొణకదన్నవాడు పెట్రోలు ఎరగడు. ఎవర్ని తిట్టను? అత్తనా, రాహువునా, ఆ పాడు సూర్యుడినా?

పన్నెండుకు బయలుదేరాం. శ్రీవిల్లిపుత్తూరు దాటాక బండి దగ్గి ఆగిపోయింది. డ్రైవరు ముందు రేకు ఎత్తి చూశాడు.

"పెట్రోలు ఉండాది, ఇంజినికి పోలేదు. వేడికి పైపులోనే ఆవిరైపోయినాది. చల్లారాల."

తాగే నీళ్లన్నీ ఆ పైపు మీద పోశాం. కదిలింది. శివకాశి చేరకముందే మళ్లీ ఆగింది. నీళ్లు లేవు. కొడుకు కోసం అత్త చిలికి తెచ్చిన మజ్జిగ ఉంది. ఆవిడే కుండ ఎత్తి, "పొయ్యరా" అంటూ డ్రైవరు చేతికిచ్చి ఏడ్చింది. నేను చింపి ఇచ్చిన పైటకొంగు మజ్జిగలో ముంచి పైపుకు చుట్టాడు. చెట్టు లేదు, ఇల్లు లేదు. నేను రోడ్డు మీద నిలబడి ఆ కొంగు ఎండిపోవడం చూశాను. అంతకంటే చేయగలిగింది ఏదీ లేదు.

విరుదునగరం చేరేసరికి నాలుగు దాటింది. ప్లాట్‌ఫారం మీద అరటి తొక్కలు తప్ప ఏమీ లేవు.

నాకు రాయడం రాదు. గదిలో జరిగిన కోపతాపాలు ఇంకొకరి చేత ఉత్తరంలో ఎలా రాయించను? ఊరుకున్నాను. యుద్ధం అయ్యాక ఆయన ఎముకల గూడై తిరిగొచ్చాడు. అప్పటికి అత్త పోయింది. డ్రైవరు ఏ ఊరు వెళ్లాడో తెలియదు. మొదటి ముద్ద కలుపుతూ ఆయన అడిగాడు.

"విరుదునగరానికి ఏల రాలేదు?"

జరిగిందంతా చెప్పాను. విని నవ్వాడు.

"పెట్రోలు ఎండకి ఆవిరై బండి నిలిచినాదా! పోనీలే, కథలేల? నీ కోపం నాకు తెలీదా?"

"మీ తోడు, వచ్చినాను" అన్నాను.

"సరే సరే" అన్నాడు, చంటిదాన్ని బుజ్జగించినట్టు.

ఆ రోజు రైలు కదిలేదాకా తలుపు దగ్గరే నిలబడి, ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ తొంగి చూశాడట. ఆ తర్వాత చాలా ఏళ్లు కలిసి బతికాం. నన్ను ఎన్నడూ నిష్ఠూరమాడలేదు. క్షమించేశాడు. చెయ్యని తప్పుకు క్షమించేస్తే ఆ మనిషితో ఇంకేం వాదించను?