ఆరని కొంగు

మా కోడలు పోయింది. పెద్దకర్మకు వచ్చి వెళ్ళినవాళ్ళకు ఈ సంగతి తెలుసు, రాలేనివాళ్ళకు ఇప్పుడు తెలుస్తుంది. ఆమె ఎందువల్ల పోయిందో ఒక మాట ఊళ్ళో తిరుగుతోంది. అది గిద్దలూరులో మా బంధువుల నోట్లోనే పుట్టి, కంభం మీదుగా మార్కాపురంలో ఆమె పుట్టింటి వీధి దాకా వెళ్ళింది. "బొమ్మలు గీసీ గీసీ, ఆ ట్యాబ్ చూసీ చూసీ తలలో నరం తెగిందంట." ఆ మాటకు జవాబుగా ఇది రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు, అంటే పోయినామె కూతురు రాస్తోంది. మధ్యమధ్యలో కలం ఆపుతోంది. ఆపొద్దు, రాయి అంటున్నాను.

జరిగింది మొదట చెబుతాను. ఆ పొద్దున గ్రైండర్లో నుంచి పిండి తీస్తూ తీస్తూ అక్కడే కూలబడింది. ఒంగోలు ఆసుపత్రికి చేర్చేటప్పటికే ఆమెకు మాట లేదు. బయటికొచ్చిన డాక్టరు నా కొడుకును అడిగాడు. ఈమెకు బీపీ ఉందని తెలుసా? తెలియదు. ఎప్పుడైనా చూపించారా? లేదు. తలనొప్పి అని చెప్పేదా? చెప్పేది. అప్పుడేం చేశారు? దానికి జవాబు నా కొడుకు బదులు నేను చెబుతాను. "ఆ ట్యాబ్ పక్కన పెట్టు, నొప్పి అదే పోతది" అన్నాడు. ఆమె ఎన్నిసార్లు చెప్పినా వాడు చెప్పిన మందు అదొక్కటే.

వాడికి షుగర్. నాకు మోకాళ్ళు. మా ఇద్దరినీ వేళకు మార్కాపురం ఆసుపత్రికి తిప్పింది ఆమె. మేము లోపలికి వెళితే తను బయట బెంచీ మీద కూర్చుని, వచ్చిన రోగుల మొహాలు ట్యాబ్‌లో గీసుకునేది. బీపీ చూసే నర్సు బల్ల ఆ బెంచీకి ఎదురుగానే ఉండేది. ఆ నర్సు బొమ్మ కూడా ఆమె వేసింది. తన చెయ్యి మాత్రం ఆ బల్ల మీద ఒక్కరోజూ పెట్టలేదు. పెట్టు అన్నవాళ్ళూ లేరు. ఇందులో బొమ్మలు చేసిన తప్పేమిటో తెలిసినవాళ్ళు వచ్చి నాకు చెప్పండి.

ఆమె మార్కాపురం పిల్ల. వాళ్ళ నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. విరిగిన ముక్కలు ఇంటికి తెస్తే ఈ పిల్ల వాటి మీద బలపంతో మొహాలు గీసేది, చెరిపి మళ్ళీ గీసేది. కాపురానికి వచ్చినప్పుడు అలాంటి పలక ముక్క ఒకటి చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకుంది.

"ఇదేందే, బడికి పోతావా?" అన్నాను.

"నీ మొగం గీస్తా అత్తా. రవ్వంతసేపు కదలమాక."

"నేను కదలకుండా కూచుంటే పనెవురు చేస్తారు, మీ నాయనా?"

"ఆయన్ని పిలిపిస్తే ఆయన బొమ్మ కూడా గీస్తాలే" అంది. కొత్తకోడలు అంత మాట అనేసరికి నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది.

ఆ తర్వాత అట్టల మీద రంగులతో మొదలుపెట్టింది. వసారాలో అట్ట గోడకు ఆనించి రంగు కలుపుకునేది. అంతలో దుకాణం నుంచి నా కొడుకు కేక వేసేవాడు, ఎరువుల కంపెనీ వాళ్ళు వచ్చారు, టీ పంపించమని. టీ అయ్యేటప్పటికి పిల్ల ఏడ్చేది. పిల్ల ఊరుకునేటప్పటికి నేను పిలిచేదాన్ని. తిరిగొచ్చి చూసుకుంటే గిన్నెలో రంగు పెచ్చుకట్టి ఉండేది. దాన్ని గోటితో గీకి పారేసి మళ్ళీ కలిపేది. సగంలో ఉన్న మొహాలు మా వసారాలో ఎప్పుడూ ఉండేవి. నుదురుండేది, గడ్డం ఉండేది కాదు.

తర్వాత ఆమె తమ్ముడు తను వాడుకుని పక్కన పెట్టిన ట్యాబ్ ఒకటి, గీసే పెన్నుతో సహా ఇచ్చాడు. మొదటి రోజు దాన్ని నాకు చూపిస్తూ ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇందులో రంగు ఎండదు అత్తా. ఎవురు పిల్చినా లేసి పోవచ్చు. మళ్ళా వచ్చేతలికి ఏడ వదిలినానో ఆడనే ఉంటది." సంసారాన్నీ బొమ్మల్నీ ఎలా సర్దుకున్నావమ్మా అని ఎవరైనా ఆమెను అడిగి ఉంటే ఈ జవాబే చెప్పేది. ఎవరూ అడగలేదు. బొమ్మలడిగారు.

ఆ ట్యాబ్‌కు ఒక చిక్కు ఉంది. తడి చెయ్యి తగిలితే గీత దాని ఇష్టమొచ్చినట్టు పోతుంది. మా ఇంట్లో ఆమె చెయ్యి పొడిగా ఎప్పుడుంది? బియ్యం కడిగిన చెయ్యి, అంట్లు తోమిన చెయ్యి, నా మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టిన చెయ్యి. ఎడమ భుజం మీది కొంగు ముందుకు లాక్కుని, వేలు వేలూ తుడుచుకుని, అప్పుడు పెన్ను పట్టేది. రెండు గీతలు గీసేది. మళ్ళీ మాలో ఎవరమో ఒకరం పిలిచేవాళ్ళం. మళ్ళీ తడి, మళ్ళీ కొంగు. భుజం నుంచి రొమ్ము మీదకు ఆ కొంగు నల్లగా తడిసి ఉండేది. వీధి వీధంతా బిందెలు పెట్టుకుని ట్యాంకర్ కోసం కాచుకునే ఎండాకాలంలో కూడా మా ఇంట్లో ఆరనిది అదొక్కటే.

ఆమె దగ్గరికి ఎక్కువగా వచ్చింది చనిపోయినవాళ్ళ బొమ్మల కోసం. బతికుండగా ఫొటో తీయించుకోని ముసలివాళ్ళు మా వైపు పల్లెల్లో ఇంకా ఉన్నారు. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్లో తీస్తారు. ముక్కులో దూది, తలకు కట్టు, మూసిన కళ్ళు. అది పట్టుకుని ఈమె దగ్గరికి వచ్చి, "కళ్ళు తెరిపియ్యమ్మా" అనేవాళ్ళు. ఆమె దూది తీసేది, కట్టు విప్పేది. కళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగేది. పిల్లలెవరైనా ఉంటే తీసుకురమ్మనేది. వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేది. మీ నాయన ఎండలో పని చేసినాడా? నవ్వితే కళ్ళు మూసుకుపోయేవా? కోపమొస్తే నేల చూస్తాడా, మనిషిని చూస్తాడా?

"కళ్ళంటే అందరూ గుడ్డు చూస్తారత్తా. మనిషి ఉండేది కింది రెప్ప కాడ" అని నాతో అనేది.

పుల్లలచెరువు అవతల, అడవి అంచు పల్లె నుంచి ఒక ముసలామె కొడుకుతో బస్సులు మారి వచ్చింది. మొగుడి బొమ్మ తయారైంది. మా కోడలు ట్యాబ్ ఆమె ముందు పెట్టింది. ఆ ముసలామె అప్పటిదాకా మంచం మీద కాళ్ళు చాపుకుని నాతో కబుర్లు చెబుతోంది. బొమ్మ చూడగానే కాళ్ళు ముడుచుకుంది, లేచి నిలబడింది, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "వచ్చినాడు" అంది కొడుకుతో. అంతే. నేను చాలామంది గొప్పవాళ్ళని చూశాను. పోయిన మొగుడిని చూపించి పెళ్ళాన్ని లేపి నిలబెట్టినవాళ్ళను ఇంకెవరినీ చూడలేదు.

నా బొమ్మ కూడా వేసింది. నేను మిరపకాయల తొడిమలు తీస్తుంటే ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడెందుకే? నేను సచ్చినాక తీరిగ్గా వెయ్యి" అన్నాను.

"సచ్చినోళ్ళకి తెరిచి తెరిచి ఇసుగొచ్చింది అత్తా. నీకు తెరిచి ఉన్నప్పుడే వేసుకుంటా."

చూపిస్తే నేను ఎవరినో కొట్టబోతున్నట్టున్నాను. "ఇంత కోపంగా ఏసినావేందే?" అంటే, "కోపం తీసేస్తే ఆడ ఎవురూ మిగలరు అత్తా" అంది. వరస ప్రకారం ముందు వెళ్ళాల్సింది నేను. ఆ బొమ్మకు దండ పడాల్సింది. ఆ వరస తప్పింది.

ఇక కర్మ రోజు సంగతి. కుర్చీ వేసి, గుడ్డ పరిచి, నా కొడుకు ఒక పెద్ద ఫొటో తెచ్చి పెట్టాడు. పక్కన దండ సిద్ధంగా ఉంది. చూశాను. తెల్లటి మొహం, సున్నం కొట్టిన గోడలాగా. ముక్కు పక్కన పుట్టుమచ్చ లేదు. మెడలో హారం, అలాంటిది మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ఒంటి మీద ఎరగని పట్టుచీర. కళ్ళు ఇంతింత, వాటిలో ఎవరూ లేరు.

"ఎవురురా ఈమె?" అన్నాను.

"అమా, ఊరుకో. అందరూ ఉండారు."

"ఉండారనే అడుగుతాండా. ఎవురీమె?"

"నా ఫోన్లో ఒక్కతే ఉండే ఫొటో లేదు అమా. ఎవురిదో పెండ్లిలో ఎనకమాల నిలబడిన దాంట్లోంచి తీసి చేయించినా" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి ఫోన్లో ఆమె ఒక్కతే ఉన్న ఫొటో లేదు. మనవరాలా, ఇది బాగా కనపడేట్టు రాయి.

నా కూతురు ముందుకొచ్చింది. "కళగా ఉందిలే అమ్మా. బతికుండంగ ఎప్పుడు చూసినా ఆ ట్యాబ్ ముందర తడి కొంగుతో కూచునేది. ఆ ట్యాబే మింగింది మా మరదల్ని. గోడ మీదన్నా బాగుండనీ."

ఊళ్ళో తిరిగే మాట ఎక్కడ పుట్టిందో నాకు అప్పుడు తెలిసింది. "మీ మామ బొమ్మకు కళ్ళు తెరిచిందెవురే?" అన్నాను. "ఆ బొమ్మ కింద కూచునే గదా నువ్వు రోజూ టీ తాగేది? ఈ ఇంట్లోంచి బొమ్మ ఏయించుకుపోనోళ్ళు మీలో ఒక్కరుంటే చెప్పండి. తీసుకునేటప్పుడు మింగలేదా ఆ ట్యాబ్?"

ఫొటో తీసి గోడ వైపు తిప్పి పెట్టాను. పురోహితుడు నా వైపు చూసి, తన పని తను చేసుకున్నాడు. ఆ రోజు దండ ఖాళీ కుర్చీకి వేశారు.

మర్నాడు మనవరాలిని వెంటబెట్టుకుని ఆ ఫొటో చేసిన స్టూడియోకు వెళ్ళాను. మా కోడలు బొమ్మలు అచ్చు తీసి అద్దం కట్టించేదీ ఆ దుకాణంలోనే. యజమాని నన్ను చూడగానే లేచాడు.

"అవ్వా, నా తప్పు లేదు. అన్న కళగా చెయ్యమన్నాడు. మీట నొక్కితే అదే చేస్తాది. అక్క ఉండుంటే ఈ ఫొటో నా మొగాన కొట్టేది."

"ఆమె బదులు నేనొచ్చినాలే. కూచో. ముందు ఆ సున్నం గీకు."

రంగు తగ్గించాడు. ఇంకా అన్నాను. ఇంకా తగ్గించాడు. హారం తీశాడు, పట్టుచీర తీసి నేతచీర పెట్టాడు. పుట్టుమచ్చ పైన పెడితే కిందికి జరిపించాను. మనవరాలు తన చెంప మీద వేలు పెట్టి చూపించింది, ఇక్కడ అని. కళ్ళు చిన్నవి చేయించాను. అయినా రాలేదు. ఎవరో దూరపు చుట్టంలాగా ఉంది.

"కింది రెప్ప" అన్నాను. "అది బిగువుగా ఉంది. వదులు చెయ్యి. నిద్ర చాలని మనిషి. ఎవురో ఇప్పుడే పిల్చినారు, లేసి పోవాల. అయినా నవ్వుతాండాది. అట్ల చెయ్యి."

అతను చాలాసేపు చేశాడు. ఒకచోట మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "జేజీ, అమ్మ" అంది. నాకూ కనిపించింది.

"ఇంక అచ్చు తియ్యమంటావా అవ్వా?"

"ఆగు. కొంగు తడపాల."

అతనికి అర్థం కాలేదు. ఎడమ భుజం నుంచి ఇక్కడి దాకా నల్లగా చెయ్యమని నా కొంగు మీద గీసి చూపించాను.

"మరక మాదిరి ఉంటది అవ్వా. అచ్చు చెడిపోయిందనుకుంటారు జనం."

"అనుకోనీ."

ఆ బొమ్మ ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. బొమ్మలు ఆమె ప్రాణం తీశాయని ఇంకా అనాలనుకునేవాళ్ళు వచ్చి, దాని ముందు నిలబడి అనండి.

మొన్న పొద్దున నా కొడుకు దుకాణానికి బయలుదేరుతూ దాని ముందు ఆగాడు. ఇన్నేళ్ళూ ఆ కొంగు వాడి కళ్ళ ముందే తిరిగింది. దగ్గరికి వెళ్ళి తల వంచి చూశాడు.

"అమా, ఇదేంది, ఫొటో మీద నీళ్ళు పడినయా?"

"పడినయి. తుడువు" అన్నాను.

భుజం మీది తువ్వాలు తీసి తుడిచాడు. నోటి ఆవిరి పట్టించి మళ్ళీ తుడిచాడు. అద్దం తళతళలాడింది. కొంగు తడిగానే ఉంది. వాడింకా తుడుస్తూనే ఉన్నాడు.