ఆంటీ తెచ్చుకున్న కుర్చీ

మా కింది ఫ్లాట్ ఆంటీ పోయారు. ఆ గురువారం సాయంత్రం క్లాసు అయిపోయి ఇంటికొస్తుంటే అంకుల్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో ఆంటీ కళ్ళజోడు ఉంది. "పొద్దున ఛాతీలో నొప్పి అంది అమ్మా. ఆస్పత్రికి చేరాం గానీ లాభం లేకపోయింది," అన్నారు. ఆ కళ్ళజోడు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ ఉన్నారు.

అప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. ఎల్లుండి శనివారం. ఆంటీ రారు. ఇక నా ఇల్లు ఏమైపోతుంది?

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్పాలంటే నా గురించి కొంచెం చెప్పాలి. నాకు ఏడీహెచ్‌డీ ఉంది, అంటే మనసు ఒక పని మీద నిలవని సమస్య. ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చిన మొదటి ఏడాది యూనివర్సిటీ డాక్టర్ ఆ మాట చెప్పేదాకా, నన్ను నేను బద్ధకస్తురాలిననే అనుకునేదాన్ని. గంటల తరబడి చదవగలను, కానీ తాగిన కప్పు సింకు దాకా చేరదు. దారిలో ఇంకేదో కనిపిస్తుంది, కప్పు అక్కడే దిగిపోతుంది. ప్లెయిన్స్‌బరోలో మా రెండు గదుల ఫ్లాట్‌లో ఒక గది నాది, ఇంకొకటి నా రూమ్మేట్‌ది. ఆమెది వరంగల్. ఆమె గదిలో దుప్పటి మడత కూడా చెదరదు. హాలూ వంటిల్లూ మాత్రం ఇద్దరివీ. అంటే, ఆచరణలో నావే.

ఒక ఆదివారం రూమ్మేట్ వాళ్ళ చుట్టాలు ఫోన్ చేశారు. "కింద పార్కింగ్‌లోనే ఉన్నాం, పైకి వచ్చేస్తున్నాం!" ఇక్కడి మనవాళ్ళు అలాగే వస్తారు. వాళ్ళు మెట్లెక్కే లోపు టేబుల్ మీదున్న కాగితాల గుట్టని రెండు చేతులతో ఎత్తి డిష్‌వాషర్ కింది అరలో పెట్టి మూసేశాను. ఇక్కడి మనవాళ్ళ ఇళ్ళలో లాగే మేమూ గిన్నెలు చేత్తోనే తోముకుంటాం. డిష్‌వాషర్ మాకు ఉత్త గిన్నెల అలమర. దాన్ని ఎవరూ ఆన్ చెయ్యరు.

రెండు రోజుల తర్వాత నేనే చేశాను. ఆ రోజు ఇల్లంతా బాగుచేసేద్దామని గొప్ప హుషారు వచ్చింది. పై అర లాగి గ్లాసులు పెట్టాను, సబ్బు వేశాను, బటన్ నొక్కాను. ఆ కాగితాల గుట్టలో రూమ్మేట్ పాస్‌పోర్ట్ ఉంది.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నువ్వు మంచిదానివే. కానీ నీతోని ఉండుడు నాతోని అయితలేదు," అంది. "మే నెలల లీజ్ రెన్యువల్ వస్తది. అప్పటిదాక చూస్తా. గిట్లనే ఉంటే నేను వేరే చూసుకుంటా." కొత్త పాస్‌పోర్ట్ వచ్చేసరికి ఆమె ఇండియా ప్రయాణం వెనక్కి జరిగింది. వాళ్ళక్క సీమంతం ఫోన్‌లో చూసింది. పక్క గదిలోంచి ఆ పాటలు నాకూ వినిపించాయి.

ఆంటీతో పరిచయం ఆ పాస్‌పోర్ట్ వల్లే. అది తడిసిన మర్నాడు దాన్ని మెట్ల రెయిలింగ్ మీద విప్పి ఎండబెట్టి, పక్కనే కూర్చుని ఏడుస్తున్నాను. కిందినుంచి ఆవిడ కూరల సంచితో వచ్చి ఆగారు.

"ఏంటమ్మా, అప్పడాలా?"

జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వలేదు, అయ్యో అనలేదు. పాస్‌పోర్ట్ ఒక పేజీ తిప్పి చూసి, "నేను గ్రీన్‌కార్డ్ ఫ్రీజర్‌లో పెట్టాను. బఠాణీల కింద. నాలుగు నెలలు వెతికాం," అన్నారు. "రా, టీ పెడతాను."

ఆవిడ ఇల్లు చూసి నాకు మతిపోయింది. అంత శుభ్రం! కానీ ఏదో తేడాగా ఉంది. కాసేపటికి తెలిసింది. బట్టల అలమరకి తలుపుల్లేవు, వంటింటి డబ్బాలకి మూతల్లేవు.

"తలుపులు ఏవి ఆంటీ?"

"సోఫా వెనకాల. అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళు ఫ్లాట్ చూడటానికి వచ్చే రోజు మీ అంకుల్ బిగిస్తారు. తలుపు వేశామంటే లోపల ఏముందో నాకు గుర్తుండదు. గుర్తు లేకపోతే మళ్ళీ కొంటాను. ఒకప్పుడు మా ఇంట్లో ఎనిమిది కత్తెరలుండేవి, కావాలంటే ఒక్కటీ దొరికేది కాదు."

నా సంగతి చెప్పాను. తనకీ అదే ఉందని ఆవిడకి యాభై దాటాక తెలిసిందట. "అప్పటిదాకా అందరూ నన్ను బద్ధకం మనిషి అన్నారు. నేనూ నమ్మాను. నువ్వు ఇరవై మూడేళ్ళకే తెలుసుకున్నావు. ఇంకేం కావాలి నీకు?" అన్నారు. ఓదార్చినట్టు లేదు, పని అప్పగించినట్టుంది.

ఆ శనివారం పది గంటలకి తలుపు కొట్టారు. ఒక చేతిలో చిక్కుడుకాయల గిన్నె, ఇంకో చేతిలో మడత కుర్చీ.

"కుర్చీ ఎందుకు ఆంటీ? మా ఇంట్లో ఉన్నాయిగా."

"ఉన్నాయి. వాటి మీద నీ బట్టలున్నాయి. ముందు నాకు చోటు చెయ్యడం మొదలుపెడితే ఆ పనిలోనే మధ్యాహ్నమవుతుంది." కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "నేను ఒక్క వస్తువు ముట్టుకోను. నాకేం చెప్పకు, నన్నేం అడగకు. ఇవి వలిచేలోపు ఆ టేబుల్ కనపడాలి. ఇల్లంతా కాదు. ఒక్క టేబుల్."

నాకు టైమర్లు తెలుసు, యాప్‌లు తెలుసు, రంగురంగుల జాబితాలు తెలుసు. అవేవీ రెండు వారాలు దాటలేదు. ఒక మనిషి ఊరికే పక్కన కూర్చుని ఈనెలు తీస్తుంటే మాత్రం నా చేతులు దారి తప్పలేదు. కొన్ని శనివారాలు చిక్కుడుకాయలు, కొన్ని శనివారాలు ఐసెలిన్‌లోని ఇండియన్ కొట్ల నుంచి తెచ్చిన గోంగూర. ఆకు తుంచేదైతే నాకు గుబులే, త్వరగా అయిపోతుంది. నేను నేల మీద కూర్చుని పాత ఫోటోలు చూడటం మొదలుపెడితే ఆవిడ చెయ్యి ఆపేసేవారు. కాయలు తుంచే చప్పుడు ఆగగానే నేను లేచేదాన్ని.

తాళాలు తగిలించడానికి గోడకి మేకు కొట్టానని ఒకసారి గొప్పగా చూపించాను. "ఎప్పుడైనా అక్కడ వెతికావా?" అన్నారు. లేదు. షూల దగ్గర వెతుకుతాను. "మరి షూల దగ్గరే గిన్నె పెట్టు. వస్తువు ఉండాల్సిన చోట కాదు, నువ్వు మొదట వెతికే చోట ఉండాలి." ఆ గిన్నె పెట్టినప్పటి నుంచి నా తాళాలు పోలేదు.

ఆవిడ మాటలు నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. చెత్తలో రకాలకి కూడా ఆవిడ దగ్గర వేరువేరు మాటలుండేవి. నేల మీదైతే చిందరవందర, సొరుగులో అయితే కలగాపులగం, నా హ్యాండ్‌బ్యాగ్ అయితే "కిష్కింధ". "ఇంగ్లీషులో అన్నిటికీ మెస్ అనేస్తారు. అలా అయితే ఎక్కడ మొదలుపెట్టాలో ఎలా తెలుస్తుంది?" అనేవారు. తెలుగులో రాయాలన్న కోరిక నాకు ఆ నోట్‌బుక్‌తోనే మొదలైంది.

చివరిసారి వచ్చినప్పుడు వెళుతూ కుర్చీ మడిచి తలుపు పక్కన ఆనించారు. "ప్రతిసారీ మొయ్యడం ఎందుకు, ఇక్కడే ఉండనీ," అన్నారు. ఆ తర్వాతి గురువారమే ఆవిడ పోయారు.

తర్వాత మూడు వారాలు నేను ఏమీ చెయ్యలేదు. టేబుల్ మళ్ళీ మాయమైంది. కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రూమ్మేట్ ఫోన్‌లో వేరే ఇళ్ళు చూస్తుండటం నాకు కనిపించింది.

ఒకరోజు కుర్చీ తిరిగి ఇవ్వడానికి కిందికి వెళ్ళాను. పలకరించడానికి వచ్చినవాళ్ళెవరో సాయం చేద్దామని ఆంటీ వంటిల్లు సర్దిపెట్టారు. డబ్బాలన్నిటికీ మూతలు పెట్టారు. అలమరకి తలుపులు బిగించారు. అంకుల్ పంచదార కోసం ఒక్కో డబ్బా తీసి చూస్తున్నారు.

"ఇదిగోండి అంకుల్, ఆంటీ కుర్చీ."

ఆయన దానివంక చూశారు, తీసుకోలేదు. "నీ దగ్గరే ఉంచు తల్లీ. ఆవిడ వెతికినా మొదట మీ ఇంట్లోనే వెతుకుతుంది."

నేను కుర్చీని గోడకి ఆనించాను. అప్పుడు నేను డబ్బాల మూతలు ఒక్కొక్కటీ తీశాను. ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చారు. తలుపులు మళ్ళీ సోఫా వెనక్కి వెళ్ళాయి.

ఆ శనివారం పది గంటలకి కిటికీ పక్కన కుర్చీ తెరిచి పెట్టాను. గిన్నెడు చిక్కుడుకాయలు కొని తెచ్చి పక్కన పెట్టాను, ఎవరు వలుస్తారో ఆలోచించకుండా. ఇల్లంతా కాదు, ఒక్క టేబుల్, అనుకున్నాను. మధ్యలో రెండుసార్లు దారి తప్పాను. రెండుసార్లూ తిరిగొచ్చాను. తర్వాతి శనివారం సింకు. ఆ పై శనివారం హాలు. ఏ వారమూ తేలిక కాలేదు. తేలికయ్యేదాకా ఆగుదామని నేను అనుకోవడం లేదు. మీలో ఎవరిదైనా నాలాంటి బుర్రే అయితే ఒక్క మాట చెప్పగలను: మీకు చాతకాక కాదు. మీ పక్కన ఒకరు కూర్చోవాలి, అంతే. ఎవరూ లేనప్పుడు వాళ్ళ కుర్చీ అయినా సరే.

మే నెలలో లీజ్ రెన్యువల్ వచ్చింది. రూమ్మేట్ ల్యాప్‌టాప్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పెట్టడానికి చోటుంది. చుట్టూ ఒకసారి చూసింది.

"ఒక్క ఏడాదికే సంతకం పెడుతున్న. సమజైందా?"

"అయింది."

"డిష్‌వాషర్‌ల ఏం లేవు కదా?"

"గ్లాసులే. కావాలంటే చూసుకో."

నిజంగానే లేచి చూసొచ్చింది. సంతకం చేసింది. తర్వాత తన బ్యాగ్ తీసి కిటికీ పక్క కుర్చీలో పెట్టబోయి, ఆగి, నేల మీద పెట్టింది.

మా ఇంట్లో మిగతా కుర్చీల మీద ఇప్పటికీ అప్పుడప్పుడూ బట్టలు చేరతాయి. ఆంటీ కుర్చీ మీద మాత్రం ఇంతవరకూ ఒక్కటీ పడలేదు. దాని కాలికి ఒక చిక్కుడు ఈనె అంటుకుని ఎండిపోయి ఉంది. ఇల్లు ఊడ్చిన ప్రతిసారీ కనపడుతుంది. అదొక్కటీ నేను తియ్యలేదు.