కాలరక్క అర్జీ

ఆవిడకి కాలరక్క అని పేరు పెట్టింది నేనే. మా చొక్కాల కంపెనీలో పదకొండేళ్ళుగా కాలర్లే కుడుతోంది మరి. చొక్కాలో మిగతాదంతా ఎవరో ఒకరు కుట్టేస్తారు, జేబు కాస్త వంకరపోయినా ఇస్త్రీపెట్టెతో సర్దేస్తారు. కాలర్ దగ్గర మాత్రం ఎవరి ఆటలూ సాగవు. తిరగేసి కుట్టాలి, మూల కత్తిరించాలి, ఇవతలికి తిప్పినప్పుడు మొన నిక్కచ్చిగా రావాలి, గుడ్డ చిరగకూడదు. కొత్తవాళ్ళు పది కుడితే ఆరు వెనక్కొస్తాయి. ఆవిడ కుట్టినవి వెనక్కి రావడం నేనైతే చూడలేదు.

అంత పనిమంతురాలిని జీతాల రిజిస్టర్లో ఏమని రాశారో తెలుసా? హెల్పర్ అని. మా కంపెనీలో మెషీన్ ముందు మగవాడు కూర్చుంటే టైలర్, అదే మెషీన్ ముందు ఆడది కూర్చుంటే హెల్పర్. అసలు హెల్పర్ అంటే దారాలు కత్తిరించి, కట్టలు కట్టి, అటూ ఇటూ మోసే మనిషి. టైలర్‌కి మూడొస్తే హెల్పర్‌కి రెండొస్తాయి. అదెవరు పెట్టిన లెక్కో మాకు తెలియదు, మేమూ అడగలేదు. నోళ్ళు లేకనా? ఉన్నాయి, అన్నం డబ్బా తెరిచాక అవతలివాళ్ళ కాపురాల గురించి గంటసేపు మాట్లాడేవాళ్ళం.

వాళ్ళ మరిది చేరాక ఆవిడకి కళ్ళు తెరుచుకున్నాయి. పనీపాటా లేక తిరుగుతున్నవాణ్ణి మేనేజర్ కాళ్ళావేళ్ళా పడి పనిలో పెట్టించింది. మూడు నెలలు తన భోజనం విరామంలో పక్కన కూర్చోబెట్టుకుని కాలర్ నేర్పింది. నాలుగో నెల వాడు టైలర్ అయిపోయాడు. మొదటి జీతం కవరు తెచ్చి వదిన చేతిలో పెట్టాడట, దాచమని. పాపం వాడు చెడ్డవాడేం కాదు. ఆ కవరు తన కవరు కంటే లావుగా ఉండేసరికి ఆవిడకి ఆ పూట అన్నం సహించలేదు. టైలర్ అయ్యాక కూడా వాడు రోజుకి పదిసార్లు, "వదినా, ఇదొక్కటీ చూసి పెట్టవూ" అంటూ కాలర్ పట్టుకొచ్చేవాడు. చూసి సరిచేసేది హెల్పర్, కుట్టిన పేరు టైలర్‌ది. ఒళ్ళు మండదూ మరి?

వెళ్ళి మేనేజర్‌ని అడిగింది. ఆయన నవ్వి, మగవాళ్ళకి ఇల్లు నడిపే బాధ్యత ఉంటుంది కదమ్మా అన్నాడట. వాళ్ళాయన లారీ మీద పోతే పదిరోజులకోసారి వస్తాడు, వచ్చినప్పుడు తెచ్చేది మాసిన బట్టలే. ఆ ఇల్లు నడిపేది ఈవిడే. అదేదో మేనేజర్ మొహం మీదే అనొచ్చుగా? అనలేదు. నా దగ్గరికొచ్చి అంది.

ఆవిడకున్న పిచ్చి ఒక్కటే, ఒక సినిమా హీరో. మెషీన్ సొరుగులో ఆయన ఫొటో. "మీ ఆయన ఫొటో ఏదక్కా?" అని ఏడిపించేదాన్ని. మా ఆయనకి ఫొటో ఎందుకే, పదిరోజులకోసారి మనిషే కనిపిస్తాడుగా అనేది. రెండేళ్ళ కిందట ఆ హీరో మిల్లు కార్మికుడిగా ఒక సినిమా వచ్చింది. అందులో ఒక ముసలి కూలిమనిషి చెమట పట్టిన చేత్తో కాగితం ఇస్తుంది. దాన్ని మిల్లు యజమాని ఎదుటే నిలబడి ఆయన అక్షరం పొల్లుపోకుండా చదువుతాడు. ఒకే పనికి ఒకే కూలి అంటాడు. హాలంతా ఈలలు. కాలరక్క అయిదుసార్లు చూసింది, అందులో రెండుసార్లు నా టిక్కెట్టు కూడా తనే కొంది.

అలాంటి హీరో మా చొక్కాల ప్రకటనలో నటిస్తున్నాడని, ఒక పూట షూటింగ్ మా కంపెనీలోనే అని తెలిసింది. కుట్టే మనిషి చేతిలోంచి ఆయన కాలర్ అందుకుని, చూసి, మెచ్చుకుంటూ నవ్వాలట. ఆ మనిషిగా ఇంకెవర్ని పెడతారు? కాలరక్కనే పెట్టారు. మూడు రోజులు ఆవిడ నేల మీద లేదు. అభిమానం ముదిరిందనుకున్నా. నాలుగో రోజు భోజనాల దగ్గర మడతపెట్టిన కాగితం తీసింది. అర్జీ. అయిదే వాక్యాలు. మేం అరవై మూడు మంది ఆడవాళ్ళం మెషీన్ల మీద టైలర్ల పని చేస్తున్నాం, మమ్మల్ని టైలర్లుగా రాయండి, టైలర్ జీతం ఇవ్వండి అని, గట్టిగా లేకుండా, మెత్తగా లేకుండా రాసింది.

"సినిమా వేరు కదక్కా" అన్నా.

"సినిమా అని నాకు తెలియదటే? ఆయన పోట్లాడక్కర్లేదు. పైకి చదివితే చాలు. పక్కన మేనేజరుంటాడు, ఓనరుంటాడు. హీరో నోట విన్న మాట కాదనడానికి ఎవరికైనా మొహం చెల్లుతుందా?"

మేనేజర్‌కి ఇచ్చే కాగితమైతే ఒక్కతి కూడా పెన్ను ముట్టేది కాదు. హీరో చేతికి వెళ్తుందనేసరికి అరవై మూడు సంతకాలూ రెండు రోజుల్లో పడ్డాయి. కొందరైతే పెళ్ళి పత్రిక మీద రాసినట్టు గుండ్రంగా రాశారు. రెండో సంతకం నాది. మరిది మాత్రం, ఇది ఆడవాళ్ళ గొడవ, నన్ను లాగకు వదినా అని తప్పించుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. హీరో మేమనుకున్నంత పొడుగు లేడు. వేడి దీపాల ముందు ఆయన కాలర్ అందుకుని నవ్వడం, వాళ్ళు బాగా రాలేదనడం, మళ్ళీ నవ్వడం, ఇలా పదకొండుసార్లు. ఆఖరికి అయిపోయిందన్నారు, దీపాలు ఆర్పేశారు. అప్పుడు కాలరక్క కాగితం తీసి రెండు చేతులతో ఆయనకిచ్చింది.

ఆయన కాగితం వంక చూడనేలేదు. చెయ్యి వెనక్కి చాపితే ఎవరో పెన్ను పెట్టారు. "పేరేంటమ్మా?" అన్నాడు. చెప్పింది. మా పేర్ల మీద ఈ మూల నుంచి ఆ మూలకి, ఆవిడ పేరు రాసి, ప్రేమతో అని రాసి, పెద్దగా సంతకం పెట్టాడు. కాగితం ఆవిడ చేతిలో పెట్టి భుజం తట్టాడు.

"చదవండి సార్" అంది కాలరక్క.

అప్పటికే నాలుగడుగులు అవతలున్నాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. మేమంతా ఊపాం. నేనూ ఊపాను, సిగ్గులేకుండా.

అందరూ కాగితం మీద పడ్డారు. తన పేరు మీద హీరో సంతకం తోక పడిందని ఒకావిడ మురిసిపోయింది. ఆ కాగితాన్ని చదివినవాడు ఒక్కడే, మా మేనేజర్. చదివి, ఆవిడ చేతిలోంచి తీసుకుని అద్దం కట్టించాడు. పై అయిదు వాక్యాలూ కనపడకుండా నీలం అట్ట పెట్టించి, ఆఫీసు ముందు గోడకి తగిలించాడు. వచ్చేపోయేవాళ్ళు చూసి మేమంతా హీరోగారి అభిమాన సంఘం అనుకుంటారు.

కాలరక్క ఏడవలేదు. మళ్ళీ అవే అయిదు వాక్యాలు రాసి, ఈసారి లేబర్ ఆఫీసుకి ఇద్దామంటూ అందరి దగ్గరా తిరిగింది. ఒకావిడ మా ఆయన్ని అడగాలంది. ఒకావిడ ఒకసారి పెట్టాం కదా, గోడ మీదే ఉందిగా అంది. నేను రేపు పెడతా అన్నా. రెండు వారాలు అదే రేపు.

ఒక పొద్దున్న ఆవిడ తన మెషీన్ దగ్గరికి రాలేదు. దారాలు కత్తిరించే వరసలో స్టూలు వేసుకుని, కత్తెర పట్టుకుని కూర్చుంది. మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు.

"నేను హెల్పర్‌ని సార్. రిజిస్టర్ చూడండి. హెల్పర్ పనే చేస్తున్నా."

తీసెయ్యడానికి తప్పేం చేసింది గనక. మధ్యాహ్నానికి కాలర్లు ఆగిపోయాయి. మరిది కుట్టినవి చూసి పెట్టే దిక్కులేక కట్టలు కట్టలు వెనక్కొచ్చాయి. కాలర్ లేని చొక్కాలు గుట్టలు పడ్డాయి. ఓనరు ఫోన్ల మీద ఫోన్లు. అలా మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో మేం లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంటే అయిపోయేది. అరవై మందీ అక్కర్లేదు, ఇరవై మంది చాలు. మేం కూర్చుని తమాషా చూశాం.

నాలుగో రోజు మేనేజర్ నన్ను తన గదిలోకి పిలిచాడు. కాలర్ పని కాలరక్క నాకు కూడా నేర్పిందని ఎవరు చెప్పారో. ఆ మెషీన్ మీద కూర్చోమన్నాడు, నెలకి అయిదొందలు ఎక్కువ అన్నాడు. ఆ నిమిషంలో అయిదొందలు నాకు కొండంత కనిపించాయి. వెళ్ళి కూర్చున్నా. సాయంత్రానికి చొక్కాల లైను కదిలింది. నేను కుట్టిన కాలర్ల దారాలు ఆవిడే కత్తిరించింది.

మర్నాడు భోజనాల దగ్గర ఆవిడ కంటబడకుండా మూలకి పోయి కూర్చున్నా. తనే డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నా. తిడితే బాగుండేది.

"ఎంతన్నాడే?"

చెప్పాను.

"టైలర్ అని రాస్తానన్నాడా?"

"లేదక్కా."

"అడిగావా?"

"అడగలేదు."

అన్నం కలిపింది. "అప్పటికి మూడు రోజులుగా లైను ఆగిపోయి ఉంది. వాడి పీకల మీదకొచ్చింది. ఆ పూట నువ్వు ఏం అడిగినా ఇచ్చేవాడే" అంది.

నిజమే. ఆ గదిలో నిలబడినప్పుడు అడగొచ్చన్న సంగతే నాకు తట్టలేదు.