ఏడాదికి వెనకవైపు

ఆ పత్రికా కార్యాలయంలో ఆవిడ అసలు పేరు జీతాల పట్టీకి తప్ప ఎవరికీ తెలియదు, అందరికీ కత్తెరమ్మే. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రతి ఉదయం పత్రికను కత్తిరించి, వార్తలను తేదీలవారీగా కవర్లలో దాచడమే ఆవిడ ఉద్యోగం. ఆ కవర్ల గదిని ఏడాది చివర మూసివేయాలన్న ఉత్తర్వు సంపాదకుడి బల్లమీద సంతకానికి సిద్ధంగా ఉంది. గదిని మింగబోయే కంప్యూటర్ విభాగానికి అధిపతి స్వయానా ఆవిడ అల్లుడు.

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. నేనెంత, అల్లుడుగారూ!” అని నవ్వేది.

చివరి పనిగా రెండువేల ఇరవై రెండు నాటి ప్రపంచ ఘట్టాలతో ఒక పేజీ అడిగారు. గది పక్షాన తాను చూపగల సాక్ష్యం ఇదొక్కటే. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగి శీర్షికలు రాసింది. ఒక్కసారి చదువుకుందామని కత్తిరించిన వార్తల ముక్కలను ముఖం పైకి పరిచి, చదువుతూ చదువుతూ ఆ ముఖాలకే జిగురు రాసేసింది. ఏనాడూ తప్పని చేయి గనుక, శీర్షికల కింద అంటించి, చూడకుండానే పేజీని చుట్టచుట్టి సంపాదకుడి గదికి పరుగెత్తింది.

సంపాదకుడు పైకి చదివాడు.

“ఫిబ్రవరి. ఉక్రెయిన్ యుద్ధం. ‘పొరుగువారితో గోడ తగాదా రాజీ అయినది. సాక్షులకు కృతజ్ఞతలు.’ ఇదేమిటమ్మా? జులై. కొత్త అంతరిక్ష టెలిస్కోపు తొలి చిత్రాలు. ‘డాబామీద గది అద్దెకు కలదు. పైకప్పు లేదు.’ నవంబరు. ప్రపంచ జనాభా ఎనిమిది వందల కోట్లు. ‘ఒంటరిని. తోడు కావలెను.’”

డిసెంబరు ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కింద ‘కుడికాలి బూటు ఒకటి అమ్మబడును’ దగ్గరికొచ్చేసరికి ఆయన కుర్చీ చక్రాలమీద గోడదాకా వెళ్లింది. కత్తెరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి.

“తిరగేసి అంటించారు అత్తయ్యా!” ఉత్తర్వుమీద సంతకం కోసం వచ్చి నిలబడ్డ అల్లుడు ఒక ముక్కను గోటితో పీకబోయాడు.

“మీ పెళ్లిఫోటో కూడా ఈ జిగురుతోనే అంటించాను. ఊడిందా?”

సంపాదకుడు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. “ఏమయ్యా, ఈ చిన్న ప్రకటనలు నీ కంప్యూటర్లో ఉన్నాయా?”

“వార్తలే ఎక్కించామండీ.”

“మరెక్కడున్నాయి?”

“నా కవర్లలో,” అంది కత్తెరమ్మ. “ముప్ఫై ఒక్క ఏళ్లవి.”

ఆయన మూసివేత ఉత్తర్వును తిరగేసి, ఖాళీ వీపుమీద రాశాడు: “పేజీ ఇలాగే అచ్చు వేయండి. గది ఉంటుంది. ప్రతి ఆదివారం వెనకవైపు కావాలి.” సంతకం కూడా అక్కడే పెట్టాడు.

కత్తెరమ్మ ఆ కాగితాన్ని తన గది తలుపుకు అంటించింది. ఈసారి తెలిసే, ఉత్తర్వు ముఖానికే జిగురు రాసి.