బొజ్జ నిర్దోషి అని నేనిచ్చిన తీర్పు

ఒక ప్రశ్నార్థకాన్ని చూడకపోతే ఎంత నష్టం జరుగుతుందంటారు? మహా అయితే ఒక మార్కు పోతుందంటారు. నా విషయంలో ముత్తుకూరు దగ్గర ఒక కాపురంలో శాంతి పోయింది, నా ఉద్యోగం ఊడే అంచుదాకా వెళ్ళి వచ్చింది. సావధానంగా వినండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఊబకాయానికీ, గౌట్ అనే కీళ్ళ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని జన్యువుల ద్వారా తేల్చే పరిశోధనలో కొత్తగా చేరాను. ఊళ్ళు తిరిగి, మనుషుల్ని ఒప్పించి, రక్తం తీసుకురావడం నా పని. దోమా అదే చేస్తుంది కానీ, దానికి మెడలో ఐడీ కార్డు ఉండదు.

రొయ్యల గుంటలు సాగుచేసే పెంచలయ్యగారు పేరుకు తగ్గట్టే పొట్ట పెంచిన మనిషి. కాలి బొటనవేలు గూడూరు నిమ్మపండులా వాచి ఉంది.

"రగతం ఇచ్చేది లేదబ్బయ్యా. ఇస్తే నువ్వు గూడా బొజ్జ తగ్గించమంటావు. ఇంట్లో ఈమె పోరు చాలదా?" అన్నారాయన.

"అది తగ్గితేనే గదా నొప్పి తగ్గేది!" వంటింట్లోంచి భార్య మస్తానమ్మగారు అరిచారు.

ఆయన ఇవ్వకపోతే ఆ వీధిలో ఇంకెవరూ ఇవ్వరు. నేను గంభీరంగా మా పరిశోధన కాగితం తీశాను. పైన పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో ఉంది: 'గౌట్ వల్లే ఊబకాయం?' చివరి గుర్తు నా కంట పడలేదు. జవాబు రెండో పేజీలో ఉందట. మనం మొదటి పేజీ మేధావులం.

"పెదనాయనా, మీ బొజ్జది ఏ తప్పూ లేదు. వేలు నొప్పితో నడవలేదు, నడవక లావయ్యారు. ఇది సైన్సు," అన్నాను.

"వింటివా మే! సైన్సంట!" ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే నొప్పి ఎక్కువైద్దని ఈమె మాన్పించిన రొయ్యలు తినొచ్చా?"

"నిక్షేపంగా!"

రోగి కోరిందీ రొయ్యలే, రక్తం తీసేవాడు చెప్పిందీ రొయ్యలే. ఆయన చెయ్యి చాపడమే కాదు, వీధిలో ఎనిమిది మందిని పిలిచి మరీ చాపించారు.

మూడు నెలల తర్వాత, ఈ పరిశోధన నడిపే మా డాక్టరమ్మతో కలిసి మళ్ళీ వెళ్ళాను. ఈసారి రెండు కాళ్ళ బొటనవేళ్ళూ వాచాయి. మనిషి ఇంకో చుట్టు పెరిగారు.

"ఇలా తినమని ఎవరన్నారండీ?" అడిగిందావిడ.

"మీ అబ్బయ్యే జెప్పినాడు!"

ఆవిడ చూసిన చూపుకి, సూది అక్కర్లేకుండానే నా రక్తం ఇంకిపోయింది.

"లావు తెచ్చే జన్యువులు పుట్టుకతోనే వస్తాయి," అని నెమ్మదిగా వివరించిందావిడ. "అవి ఎక్కువున్న వాళ్ళకే తర్వాత గౌట్ ఎక్కువగా వస్తోంది. గౌట్ తెచ్చే జన్యువులున్న వాళ్ళు మాత్రం ఆ కారణంగా లావవడం లేదు. అంటే లావు వల్ల గౌటే గానీ, గౌట్ వల్ల లావు కాదు. బరువు తగ్గాల్సిందే."

మస్తానమ్మగారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. "ముప్పై ఏండ్ల నించి నేనూ అదే జెప్తన్నానమ్మా. నేనైతే ఎవురి రగతమూ తియ్యలా!"

వాపు తగ్గాక ప్రతి ఆదివారం పెంచలయ్యగారిని గుంటల గట్టు మీద నడిపించడం, ఉద్యోగం పీకే బదులు డాక్టరమ్మ నాకు వేసిన శిక్ష. ఆయన తిట్లకు కొంగలు కూడా లేచిపోయేవి.

ఆ గట్టు మీదే ఒట్టేసుకున్నాను: ఇల్లాలి మాట తప్పు అని సైన్సు చెబుతున్నట్టు ఈ జన్మలో ఎప్పుడైనా అనిపిస్తే, నోరు మూసుకుని, కాగితం తిప్పి, రెండో పేజీ చదువుతాను.