వాగు గుట్ట ఎక్కిన పటం

వానకు తడిసిన జామాయిల్ ఆకుల వాసన ముఖాన కొట్టగానే బస్సు కిటికీ అద్దం లాగేశాను. కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు పోతున్నాం. పక్క సీటులోని ఆమె ఊరుకోలేదు. "ఉక్కపోస్తున్నది గదా పెద్దాయనా, అద్దం ఎందుకు మూసిండ్రు?" అంది. ఆస్తమా అని చెప్పి, కాస్త దగ్గి చూపించాను కూడా. నాకు ఆస్తమా లేదు. ఆ వాసనకు సుగుణ మేడం గుర్తొస్తారు, అంతే.

మేడం మాకు విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం, కంప్యూటర్‌లో పటాలు గీసే విద్య నేర్పారు. చండ్రుగొండ దగ్గర తండాలో పుట్టిన మనిషి. నా కూతురికన్నా చిన్నది. సోషల్ మాస్టారుగా రిటైరయ్యాక జ్ఞానదాహంతో ఎమ్మెస్సీలో చేరానని పెనుబల్లిలో అందరికీ చెప్పుకున్నాను. నిజానికి రోజంతా ఇంట్లో కూర్చుని కూరకూ చారుకూ వంకలు పెడుతుంటే భరించలేక మా ఆవిడే తరిమింది. క్లాసులో మొదటి ర్యాంకు నాదేనని కూడా చెప్పుకున్నాను. ఉన్నది నలుగురం. అందులో ఇద్దరు పరీక్షకు రాలేదు.

మొదటి రోజు మేడం ఉపగ్రహం తీసిన ఫొటో తెర మీద పెట్టి, ఎవరి ఇల్లు వాళ్లను చూపించమన్నారు. నేను లేచి, కోస్తా నుంచి వలస వచ్చిన మా తాత కట్టించిన డాబా ఇదిగో అంటూ చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. ఆవిడ ఫొటోను దగ్గరికి లాగారు. అది రైసుమిల్లు.

"ఇంతకాలం పిల్లలకు దేశాలు చూపిచ్చిండ్రు గదా మాస్టారూ, మీ ఇల్లు మీకు దొరుకుతలేదా ఏంది?"

"పైనుంచి ఎప్పుడు చూశానండీ?"

"గందుకే ముందుగాల కింద నిలబడాలె. నిలబడని చోట చుక్క పెట్టొద్దు."

ఆవిడ చదువంతా ఆ మాటలోనే ఉంది. పుస్తకంలోని గీతను నమ్మి బతికిన నన్ను, ఆ వయసులో, బురదలోకి దింపారు. ఎండలో, ముళ్లలో తిప్పారు. పటంలో ఎంత చిన్న గీతైనా ఎవరో ఒకరి పెరట్లోంచి పోతుందని నాకు అప్పుడే తెలిసింది.

రెండో ఏడు అడవి అంచున వాగొడ్డు గూడేనికి తీసుకెళ్లారు. గూడెం, దాని చేలు వాగుకు ఇవతల. వాగే హద్దు, అవతల అంతా అడవి. ఫోన్‌లో అటవీ ఆఫీసు వాళ్ల పటం తెరిచిన మేడం ముందు నవ్వారు. "మాస్టారూ, జర చూడుండ్రి, వాగు గుట్ట ఎక్కింది." నిజమే. పటంలో నీలిగీత వాగును వదిలేసి, గూడేనికి వెనక ఉన్న గుట్ట మీదుగా పోతోంది. ఆ వెంటనే ఆవిడ నవ్వు ఆగిపోయింది. పాత కాగితపు పటాల కొలతల లెక్క వేరు, ఉపగ్రహం లెక్క వేరు. ఒకదాన్ని మరొకదానిలోకి మార్చకుండా పరిచేస్తే పటం మొత్తం ఒక పక్కకు జరిగిపోతుంది. ఎవరో అదే చేశారు. వాగుతో పాటు అడవి హద్దూ జరిగింది. చేలన్నీ అడవి లోపల పడ్డాయి, అందుకే పట్టాలు ఆగిపోయాయి.

గూడెం పెద్ద అడిగాడు. "గట్లయితే పటం సరిచేస్తె మాకు పట్టా వస్తదా అమ్మా?"

మేడం ఎప్పుడూ ఎవరికీ మాట ఇవ్వని మనిషి. "వస్తది" అన్నారు.

వారాల తరబడి వాగు వెంట, చేల గట్ల వెంట నడిచి సరైన పటం తయారుచేశాం. ఆఫీసులో నేను బల్ల గుద్ది వాదించానని తరవాత చాలామందికి చెప్పాను. గుద్దలేదు. పటాల గొట్టం ఒళ్లో పెట్టుకుని ఒక మూల కూర్చున్నాను. వాదించాల్సిన అవసరమే రాలేదు. అక్కడి అధికారి అంతా విని, "అవ్ మేడం, మీరు చెప్పింది నిజమే. కానీ ఈ ఒక్క ఊరికి గీత జరిపితే మొత్తం జరపాలె. గీ పటం మీదనే అన్ని పనులు మంజూరైనయి. ఇప్పుడు గా ముడి ఎవరు ఇప్పుతరు?" అన్నాడు. టీ తెప్పించాడు. కాదన్నవాడితో కొట్లాడవచ్చు. ఒప్పుకుని ఊరుకునేవాడితో ఏం చేయాలో మేడం మాకు నేర్పలేదు. ఆవిడకూ తెలియదు.

మరుసటి వానాకాలం చేల చుట్టూ కందకాలు తవ్వి జామాయిల్ నాటారు. గూడెం వాళ్లు మిరప కోతల కూలికి ఎటెటో వెళ్లిపోయారు. కొన్నాళ్లకు కొత్త ఉపగ్రహ ఫొటో వచ్చింది. చేలున్న చోటంతా నిండు ఆకుపచ్చ. మేడం దాని మీద ఆఫీసు వాళ్ల పటం పరిచారు.

"ఇప్పుడు పటం కరెక్టే మాస్టారూ. నేనే తప్పు."

ఓదార్పుకు ఒక అబద్ధమైనా ఆడి ఉండాల్సింది, ఏ కథకైనా రంగులు పూసే నేను. చేరేవాళ్లు లేరని మా కోర్సు మూసేశారు. మేడం కాంట్రాక్టు ఉద్యోగమూ పోయింది. ఆవిడ తండాకు వెళ్లిపోయారు. జబ్బు పడ్డారని విని నేను బయల్దేరేసరికి దవాఖానా నుంచి తీసుకొచ్చేశారు, అంతా అయిపోయింది.

ఆవిడ గీయించిన పటం ఇంకా నా ఫోన్‌లో ఉంది. బస్సు పోతుంటే అందులో నేనున్న చోటు చూపే చుక్క గూడెం వాళ్ల మిరప చేను పక్కగా కదులుతోంది. కిటికీ బయట జామాయిల్ వరసలు. పక్కనామె తొంగిచూసింది.

"గదేం ఊరు?"

"వాగొడ్డు గూడెం."

ఆమె బయటికి చూసింది. "గిక్కడ ఊరేం లేదు గదా."

నేను రాముడి దర్శనానికి పోతున్నానని అంతకుముందే ఆమెకు చెప్పి ఉన్నాను. అదీ అబద్ధమే. నా టికెట్టు వాగొడ్డు స్టేజీ వరకే. ఈ దారిన ఎప్పుడొచ్చినా అక్కడికే తీసుకుంటాను, దిగి ఒక్కసారి ఆ నేల మీద నిలబడాలని.

బస్సు ఆగింది. "వాగొడ్డు, దిగేటోళ్లు జల్దీ రండ్రి" అని కండక్టర్ కేకేశాడు. ఈసారి కూడా సీట్లోంచి లేవకుండానే, మిగతా దూరానికి టికెట్టు అడుగుతూ చేయి చాపాను.